సోషల్ వర్కర్ చదువు అప్పు: పదేళ్ల మాఫీనా, రెండేళ్ల ఒప్పందమా?

మాఫీ అనగానే మనకు రైతు రుణమాఫీ గుర్తొస్తుంది. ప్రభుత్వం ప్రకటిస్తుంది, జాబితాలో పేరు వస్తుంది, బ్యాంకు పుస్తకంలో అప్పు కొట్టేస్తారు. 2024లో తెలంగాణలో రెండు లక్షల దాకా రుణమాఫీ జరిగిన రోజుల్లోనే ఇక్కడ అమెరికాలో ఉన్న మా అక్క కూతురు ఫోన్ చేసి అడిగింది: "పిన్నీ, సోషల్ వర్కర్లకి కూడా లోన్ మాఫీ ఉందట కదా, నిజమేనా?"

నిజమే. ఒకటి కాదు, నాలుగైదు ఉన్నాయి. కానీ ఏదీ దానంతట అది వచ్చి ఒళ్లో పడదు. కొన్నింటికి నెలనెలా వాయిదా కడుతూ పదేళ్లు ఉద్యోగం చేయాలి, కొన్నింటికి ముందే ఒప్పందం మీద సంతకం పెట్టి ఫలానా చోటే పనిచేయాలి. ఒప్పందం తప్పితే ఇచ్చిన డబ్బు వెనక్కి లాగేసుకుంటారు, పైన జరిమానా కూడా వేస్తారు. దేన్ని ఎంచుకోవాలన్నది మీ లోన్ ఎవరిచ్చారు, మీ జీతం చెక్కు ఎవరి పేరు మీద వస్తోంది, మీ చేతిలో ఉన్నది గ్రీన్ కార్డా పౌరసత్వమా, ఆ ఊళ్లో ఎన్నేళ్లు ఉండగలరు అన్న నాలుగు ప్రశ్నలను బట్టి ఉంటుంది. "50,000 డాలర్లు ఇస్తారట" అన్న మాటతో మొదలుపెడితే మాత్రం తప్పకుండా తప్పులో కాలేస్తారు. నేనే వేశాను కాబట్టి చెబుతున్నాను.

నేను గ్రీన్ కార్డ్ వచ్చాక సోషల్ వర్క్‌లో మాస్టర్స్ అయిన ఎంఎస్‌డబ్ల్యూ చదివి, 2013లో మొదటి ఉద్యోగంలో చేరాను. ఇప్పుడు ఒక కౌంటీలో (మన జిల్లా లాంటి స్థానిక ప్రభుత్వం) పిల్లల సంక్షేమ విభాగంలో చేస్తున్నాను. నా అప్పు పదేళ్లలో పోవాల్సింది, పదకొండేళ్లు దాటాక పోయింది. ఆ అదనపు కాలం సంగతి కాసేపట్లో చెబుతాను.

అక్క కూతురి ఇప్పటి పరిస్థితి ముందు పెడితే పోలిక తేలిక. ఎంఎస్‌డబ్ల్యూ చివరి సెమిస్టర్. ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చిన లోన్లు 66,000 డాలర్లు, ఒక ప్రైవేట్ బ్యాంకు లోన్ 16,000. గ్రీన్ కార్డ్ ఉంది, పౌరసత్వానికి అప్లికేషన్ పెట్టింది. చేతిలో రెండు ఆఫర్లు: ఒకటి కౌంటీలో, 58,000 జీతం. రెండోది మూడు గంటల దూరంలో ఒక పల్లెటూరి కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌లో, 54,000. రెండో చోట "మా దగ్గర లోన్ రీపేమెంట్ ఉంది" అని ఇంటర్వ్యూలోనే చెప్పారట. పిల్ల మనసు అటే లాగుతోంది.

పదేళ్ల దారి: పీఎస్‌ఎల్‌ఎఫ్

పబ్లిక్ సర్వీస్ లోన్ ఫర్‌గివ్‌నెస్. 2007లో చట్టం చేశారు. ప్రభుత్వ ఉద్యోగంలోనో, 501సి3 (పన్ను మినహాయింపు) గుర్తింపు ఉన్న లాభాపేక్ష లేని సంస్థలోనో వారానికి సగటున 30 గంటలు తగ్గకుండా పనిచేస్తూ, అర్హత ఉన్న పద్ధతిలో 120 నెలల వాయిదాలు కడితే మిగిలిన అప్పంతా రద్దు. ఎంత మిగిలితే అంత, గరిష్ఠ పరిమితి లేదు. రద్దయిన మొత్తం మీద ఫెడరల్ ఆదాయపు పన్ను లేదు. ఈ 120 నెలలు వరుసగా ఉండాల్సిన పని కూడా లేదు. మధ్యలో పిల్లల కోసం రెండేళ్లు మానేసినా, తిరిగి చేరాక లెక్క ఆగిన చోటు నుంచే మొదలవుతుంది. మన ఆడపిల్లలకు ఇది చిన్న విషయం కాదు.

ఇంత మంచి పథకానికి చెడ్డపేరు ఎందుకొచ్చిందంటే, 2017లో మొదటి బ్యాచ్ అప్లికేషన్లు పెట్టుకున్నప్పుడు నూటికి తొంభై తొమ్మిది తిరస్కరించారు. చాలామందివి అర్హత లేని రకం లోన్లు, లేదా తప్పు వాయిదా పద్ధతి. 2021 అక్టోబర్ నుంచి 2022 అక్టోబర్ చివరి దాకా నిబంధనలు సడలించాక పరిస్థితి మారింది. 2024 అక్టోబర్ నాటికి పది లక్షల మందికి పైగా అప్పు పోయింది. కాబట్టి "అదంతా మోసం, ఎవరికీ రాదు" అని పాట్‌లక్కుల్లో చెప్పే అంకుల్ మాట వినకండి. అలాగని "గవర్నమెంట్ ఉద్యోగం కదా, అదే వస్తుంది" అని ఊరుకోవద్దు.

ఇక్కడ జనం పడిపోయే గుంటలు మూడు.

మొదటిది లోన్ రకం. డైరెక్ట్ లోన్లకే, అంటే ఫెడరల్ ప్రభుత్వం నేరుగా ఇచ్చినవాటికే ఇది వర్తిస్తుంది. పాత ఎఫ్‌ఎఫ్‌ఈఎల్ లోన్లు, పర్కిన్స్ లోన్లు ఉంటే వాటిని కొత్త డైరెక్ట్ లోన్‌గా మార్చే కన్సాలిడేషన్ చేయించుకోవాలి. మీరు తలకిందులుగా తపస్సు చేసినా ప్రైవేట్ లోన్ ఇందులోకి రాదు. ఇంకో ముఖ్యమైన సంగతి: "వడ్డీ తగ్గిస్తాం, రీఫైనాన్స్ చేసుకోండి" అని వచ్చే ఉత్తరాలు నమ్మి ఫెడరల్ లోన్‌ను ప్రైవేట్ కంపెనీకి మార్చారా, ఆ రోజుతో మాఫీ ఆశ పూర్తిగా పోయినట్టే. వెనక్కి తిరిగే దారి లేదు. నాన్న పేరు మీద తీసుకున్న పేరెంట్ ప్లస్ లోన్‌ది మరో కథ. కూతురు సోషల్ వర్కర్ అయినా ఆ లోన్‌కు లెక్కలోకి వచ్చేది నాన్న ఉద్యోగమే.

రెండోది యజమాని. మీరు చేసే పని కాదు, మీకు డబ్ల్యూ-2 (ఏడాది జీతం, పన్ను చూపే ఫారం) ఇచ్చేది ఎవరన్నదే లెక్క. నా మొదటి ఉద్యోగం ఒక లాభాపేక్ష లేని ఆసుపత్రిలో. మెడలో ఆ ఆసుపత్రి బ్యాడ్జ్, కూర్చునేది ఆ ఆసుపత్రి కుర్చీలో. జీతం చెక్కు మాత్రం మనుషుల్ని సరఫరా చేసే ఒక ప్రైవేట్ కంపెనీ నుంచి. పద్నాలుగు నెలలు నెల తప్పకుండా కట్టిన వాయిదాల్లో ఒక్కటి కూడా లెక్కలోకి రాలేదు. ఆ సంగతి నాకు తెలిసింది నాలుగేళ్ల తర్వాత, మొదటిసారి ఫారం నింపినప్పుడు. ఆ రోజు బాధ కన్నా సిగ్గు ఎక్కువ వేసింది. క్లయింట్లకు రోజూ కాగితాలు సరిచూసుకోమని చెప్పేది నేనే కదా.

ఇలాంటిదే డయాలిసిస్ సెంటర్ ఉద్యోగం. అమెరికాలో ప్రతి డయాలిసిస్ సెంటర్‌కూ మాస్టర్స్ డిగ్రీ ఉన్న సోషల్ వర్కర్ ఉండాలని ఫెడరల్ నిబంధన. అందుకే కొత్తగా ఎంఎస్‌డబ్ల్యూ చేసిన వాళ్లకు ఆ ఉద్యోగాలు తేలిగ్గా దొరుకుతాయి, జీతం కూడా ఫర్వాలేదు. కానీ ఆ సెంటర్లలో చాలా భాగం లాభం కోసం నడిచే కంపెనీలవి. అక్కడ ఎన్నేళ్లు చేసినా ఈ లెక్కలో సున్నా. సొంత ప్రాక్టీస్ కూడా అంతే. ప్రభుత్వ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో స్కూల్ సోషల్ వర్కర్ ఉద్యోగం మాత్రం నిక్షేపంగా లెక్కలోకి వస్తుంది. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందు హెచ్ఆర్ వాళ్లను ఈఐఎన్ (యజమాని పన్ను గుర్తింపు నంబర్) అడిగి, ఫెడరల్ స్టూడెంట్ ఎయిడ్ సైట్‌లో యజమానిని వెతికే చోట కొట్టి చూడండి. రెండు నిమిషాల పని. నేను అప్పుడు చేసి ఉంటే పద్నాలుగు నెలలు మిగిలేవి.

ఈ మధ్య వచ్చిన ఇంకో మార్పు ఉంది. 2025 అక్టోబర్ చివర్లో విద్యాశాఖ ఒక కొత్త నిబంధన ప్రకటించింది. "చట్టవిరుద్ధ ఉద్దేశాలు" ఉన్నాయని తేల్చిన సంస్థలను 2026 జూలై 1 నుంచి అర్హుల జాబితా నుంచి తీసేయవచ్చన్నది దాని సారాంశం. దాని మీద కోర్టుల్లో కేసులు పడ్డాయి. వలసదారుల సహాయ సంస్థల్లో పనిచేసే సోషల్ వర్కర్లు టెన్షన్ పడటంలో అర్థం ఉంది. నా సలహా ఒకటే: మీ సంస్థతో ఏడాదికోసారి ఉద్యోగ ధ్రువీకరణ ఫారం నింపించి పంపేయండి. ఎప్పటి నెలలు అప్పుడే లెక్కలోకి ఎక్కించుకుంటే రేపటి గొడవ రేపటిది.

మూడో గుంట వాయిదా పద్ధతి. ఇది కాస్త పెద్దది, విడిగా చెప్పుకోవాలి.

వాయిదా ఎంత? పెళ్లయితే ఎంత?

పదేళ్ల స్టాండర్డ్ పద్ధతిలో కడితే 120 నెలలకు అప్పు మొత్తం తీరిపోతుంది, మాఫీ కావడానికి ఏమీ మిగలదు. కాబట్టి ఆదాయాన్ని బట్టి కట్టే పద్ధతి ఎంచుకోవాలి. 2025 జూలై 4న సంతకమైన చట్టం ఈ పద్ధతులన్నీ తిరగరాసింది. సేవ్ అనే పద్ధతి కోర్టు కేసుల్లో పడి ఆగిపోయింది. పేయీ, ఐసీఆర్ 2028 జూలై 1 నాటికి మూతపడతాయి. పాత లోన్లు ఉన్నవాళ్లకు ఇక ముందు ముఖ్యంగా మిగిలేవి రెండు: ఐబీఆర్, 2026 జూలై 1 నుంచి వచ్చే రాప్. రెండూ పీఎస్‌ఎల్‌ఎఫ్ లెక్కకు పనికొస్తాయి.

2014 జూలై 1 నుంచి మొదటిసారి అప్పు తీసుకున్నవాళ్లకు ఐబీఆర్‌లో వాయిదా ఎలా కడతారంటే, ఆదాయంలో నుంచి పేదరిక రేఖకు ఒకటిన్నర రెట్లు తీసేసి, మిగిలినదాంట్లో పది శాతం. అంతకు ముందు నుంచి అప్పున్నవాళ్లకు పదిహేను శాతం. రాప్ లెక్క ఇంకా సూటిగా ఉంటుంది: మొత్తం ఆదాయం మీద ఒక శాతం నుంచి పది శాతం దాకా, ప్రతి 10,000 డాలర్లకు ఒక మెట్టు. పన్ను రిటర్న్‌లో చూపిన ఒక్కో పిల్లకో పిల్లాడికో నెలకు 50 డాలర్లు తగ్గిస్తారు.

మా పిల్ల జీతం 58,000 అనుకుని 2025 పేదరిక రేఖతో లెక్క వేశాం. ఒంటరి మనిషికి ఐబీఆర్‌లో నెలకు 288 డాలర్లు వచ్చింది, రాప్‌లో 242. అదే అప్పును ఏడు శాతం వడ్డీతో పదేళ్లలో మామూలుగా తీర్చాలంటే నెలకు 766. తేడా చూశారుగా. కానీ జీతం 75,000కు చేరేసరికి రాప్ 437, ఐబీఆర్ 429. అంటే చిన్న జీతానికి రాప్ నయం, పెరిగేకొద్దీ ఐబీఆర్ నయం. రాప్‌లో మెట్ల దగ్గర చిన్న తిరకాసు ఉంది. ఆదాయం సరిగ్గా 60,000 అయితే నెలకు 250. దాని మీద ఒక్క డాలర్ ఎక్కువ వచ్చినా 300. ఓవర్‌టైమ్ చేసేవాళ్లు రిటైర్మెంట్ ఖాతాలో కాస్త ఎక్కువ వేసుకుని ఆ గీత దాటకుండా చూసుకోవచ్చు. రాప్‌లో ఒక మేలు కూడా ఉంది. కట్టిన వాయిదా ఆ నెల వడ్డీకి సరిపోకపోతే మిగిలిన వడ్డీని వదిలేస్తారు, అప్పు కొండలా పెరగదు. పదేళ్ల మాఫీ ఖాయం అనుకునేవాళ్లకు ఇది పెద్ద తేడా కాదు గానీ, మధ్యలో ప్రైవేట్ ఉద్యోగానికి మారవచ్చు అనుకునేవాళ్లకు ప్రాణం పోసినట్టే.

2026 జూలై 1 తర్వాత ఒక్క కొత్త ఫెడరల్ లోన్ తీసుకున్నా, కన్సాలిడేషన్ చేయించినా పాత లోన్లకు కూడా ఐబీఆర్ దారి మూసుకుపోతుంది. ఇంకో సర్టిఫికెట్ కోర్సు చేద్దామని 5,000 డాలర్లు అప్పు తీసుకునేముందు ఈ సంగతి గుర్తుంచుకోండి. మాస్టర్స్ లాంటి పై చదువులకు ఇచ్చే గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ లోన్లు కూడా కొత్తగా చేరేవాళ్లకు ఆ తేదీ నుంచి లేవు. మామూలు మాస్టర్స్ విద్యార్థికి ఏడాదికి 20,500, మొత్తం మీద 100,000 డాలర్లకు మించి ఫెడరల్ లోన్ ఇవ్వరు. ఫీజు అంతకు మించే ప్రైవేట్ యూనివర్సిటీలో ఎంఎస్‌డబ్ల్యూ అంటే మిగిలింది ప్రైవేట్ బ్యాంకు దగ్గరే తేవాలి, ఆ భాగానికి పీఎస్‌ఎల్‌ఎఫ్ వర్తించదు. స్టేట్ యూనివర్సిటీ చూసుకోండి. బీఎస్‌డబ్ల్యూ ఉంటే అడ్వాన్స్‌డ్ స్టాండింగ్‌లో ఏడాదిలోనే అయిపోతుంది.

ఇక మన ఇళ్లలో తరచూ కనిపించే పరిస్థితి: భార్య సోషల్ వర్కర్, భర్త సాఫ్ట్‌వేర్. ఆవిడ జీతం 58,000, ఆయనది 150,000. ఇద్దరూ కలిపి పన్ను రిటర్న్ వేస్తే వాయిదా లెక్క 208,000 మీద. రాప్‌లో అది నెలకు 1,733 డాలర్లు. ఇక మాఫీకి మిగిలేదేముంది, అంతకుముందే అప్పు తీరిపోతుంది. అదే విడివిడిగా రిటర్న్ వేస్తే ఆవిడ ఆదాయం మీదే వాయిదా పడుతుంది. విడిగా వేస్తే కొన్ని పన్ను రాయితీలు పోతాయి, స్టూడెంట్ లోన్ వడ్డీ మినహాయింపు కూడా పోతుంది. కాబట్టి పన్నులో పోయేది ఎంత, వాయిదాలో మిగిలేది ఎంత అని రెండు రకాలుగానూ లెక్క వేయించండి. మా ఇంట్లో పన్నులో నష్టం ఏడాదికి కొంత ఉన్నా, వాయిదాలో మిగిలింది దానికి మూడు రెట్లు. "విడివిడిగా వేయడమేంటి, విడాకులా?" అని మా అత్తయ్యగారు కంగారుపడ్డారు, అది వేరే సంగతి.

రెండేళ్ల దారి: ఎన్‌హెచ్‌ఎస్‌సీ

నేషనల్ హెల్త్ సర్వీస్ కోర్ అని ఫెడరల్ ఆరోగ్య శాఖ కింద నడుస్తుంది. డాక్టర్లు, దంతవైద్యులతో పాటు లైసెన్స్ ఉన్న క్లినికల్ సోషల్ వర్కర్లకూ వర్తిస్తుంది. వైద్యుల కొరత ఉందని గుర్తించిన ప్రాంతంలో, వాళ్లు ఆమోదించిన క్లినిక్‌లో రెండేళ్లు పూర్తికాలం చేస్తే 50,000 డాలర్ల దాకా, రెండేళ్లూ పార్ట్‌టైమ్ చేస్తే 25,000 దాకా ఇస్తారు. మత్తుపదార్థాల చికిత్సకు సంబంధించిన విభాగంలో మూడేళ్లకు 75,000, పల్లె ప్రాంతాల విభాగంలో మూడేళ్లకు లక్ష దాకా ఉంది. పన్ను లేదు. పీఎస్‌ఎల్‌ఎఫ్‌తో పోలిస్తే డబ్బు ముందే చేతికొస్తుంది, పదేళ్లు ఎదురుచూడక్కర్లేదు. ప్రైవేట్ లోన్లు కూడా దీంతో తీర్చవచ్చు. ఈ ఒక్క మాట చాలామందికి తెలియదు.

ఇంత బాగుంటే అందరూ ఇదే ఎంచుకోవచ్చు కదా అంటే, గేటు దగ్గరే మూడు తాళాలున్నాయి.

పౌరసత్వం ఉండాలి. పుట్టుకతో వచ్చినా, ప్రమాణం చేసి తీసుకున్నా సరే, గ్రీన్ కార్డ్ చాలదు. స్వతంత్రంగా ప్రాక్టీస్ చేయగల లైసెన్స్ ఉండాలి. అంటే ఎంఎస్‌డబ్ల్యూ అవగానే వచ్చే ఎల్‌ఎంఎస్‌డబ్ల్యూ లాంటిది సరిపోదు. పర్యవేక్షణలో రెండేళ్లకు పైగా పనిచేసి, క్లినికల్ పరీక్ష పాసై ఎల్‌సీఎస్‌డబ్ల్యూ తెచ్చుకోవాలి. ఇక మూడోది, అప్లికేషన్ పెట్టినంత మాత్రాన రాదు. ఏడాదికోసారే పిలుస్తారు, కొరత స్కోరు ఎక్కువున్న చోట్లకు ముందు ఇస్తారు. ఇంటర్వ్యూలో "మా దగ్గర లోన్ రీపేమెంట్ ఉంది" అన్న మాటకు అసలు అర్థం "మా క్లినిక్ ఆమోదం పొందిన జాబితాలో ఉంది" అని. మీకు వస్తుందని కాదు. ఆ క్లినిక్ మేనేజర్ మీద కోపం అక్కర్లేదు గానీ, "మీ స్కోరు ఎంత? గత రెండేళ్లలో ఇక్కడ ఎంతమంది సోషల్ వర్కర్లకు వచ్చింది?" అని అడగండి. జవాబు తడబడితే అర్థం చేసుకోవచ్చు.

తాళాలు తీసి లోపలికి వెళ్లాక ఒప్పందం గట్టిది. వారానికి 40 గంటలు, ఏడాదికి 45 వారాలు తగ్గకూడదు. సెలవులు సుమారు ఏడు వారాలు దాటితే ఒప్పందం గడువు అంతమేరకు పొడిగిస్తారు. ప్రసూతి సెలవు ప్లాన్ ఉన్నవాళ్లు ఇది ముందే లెక్కలో వేసుకోవాలి. మధ్యలో మానేస్తే పని చేయని కాలానికి ఇచ్చిన డబ్బు, దానితో పాటు మిగిలిన ప్రతి నెలకు 7,500 డాలర్లు, ఆపైన వడ్డీ. ఎట్టి పరిస్థితుల్లోనూ 31,000కు తగ్గదు. ఇండియాలో అమ్మకు బాగోలేక వెళ్లిపోవాల్సి వస్తే? భర్త ఉద్యోగం వేరే రాష్ట్రానికి మారితే? వేరే ఆమోదిత క్లినిక్‌కు బదిలీ అడగవచ్చు, కానీ అది వాళ్లు ఒప్పుకోవాలి. పీఎస్‌ఎల్‌ఎఫ్‌లో ఇలాంటి భయం లేదు. మానేస్తే లెక్క ఆగుతుంది, అంతే. ఎవరూ జరిమానా వేయరు.

అందుకే నా దృష్టిలో ఎన్‌హెచ్‌ఎస్‌సీ మంచిదే, కానీ ఆ ఊరు, ఆ క్లినిక్ లోన్ లేకపోయినా మీరు చేసే ఉద్యోగమే అయితేనే. డబ్బు కోసమే ఊరు మారితే రెండో శీతాకాలం గడవదు.

దీని చుట్టమే స్టార్ లోన్ రీపేమెంట్. మత్తుపదార్థాల చికిత్సలో ఆరేళ్లు పూర్తికాలం పనిచేస్తానని ఒప్పుకుంటే 250,000 డాలర్ల దాకా. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లూ పెట్టుకోవచ్చు. పోటీ గట్టిగా ఉంటుంది, ఆరేళ్లు అంటే చిన్న మాట కాదు. అప్పు లక్ష దాటినవాళ్లు తప్ప దీని జోలికి వెళ్లనక్కర్లేదని నా అభిప్రాయం.

మిగతావి, త్వరత్వరగా

మాజీ సైనికుల ఆసుపత్రుల వ్యవస్థ అయిన వీఏ, అమెరికాలో మాస్టర్స్ చేసిన సోషల్ వర్కర్లకు అన్నిటికన్నా పెద్ద యజమాని. అక్కడ ఈడీఆర్‌పీ అనే పథకంలో ఐదేళ్లలో 200,000 డాలర్ల దాకా వస్తుంది. అయితే అది మనిషికి కాదు, పోస్టుకు అంటుకుని ఉంటుంది. ఉద్యోగ ప్రకటనలో ఈడీఆర్‌పీ అని రాసి ఉంటేనే అడగడానికి వీలు. పైగా ముందు మీరు జేబులో నుంచి కట్టాలి, తర్వాత వాళ్లు తిరిగి ఇస్తారు. వీఏ ఫెడరల్ సంస్థే కాబట్టి పీఎస్‌ఎల్‌ఎఫ్ లెక్క కూడా పక్కనే నడుస్తుంది. పౌరసత్వం ఉండి, వీఏ ఉద్యోగం దొరికితే కళ్లు మూసుకుని చేరమంటాను.

ఇతర ఫెడరల్ శాఖలు ఏడాదికి 10,000, జీవితకాలంలో 60,000 దాకా ఇవ్వవచ్చు, మూడేళ్లు ఉండాలన్న షరతుతో. దాని మీద పన్ను పడుతుంది.

రాష్ట్రాల పథకాలు ఒక్కో చోట ఒక్కో తీరు. న్యూయార్క్‌లో లైసెన్స్ ఉన్న సోషల్ వర్కర్లకు ఏడాదికి 6,500 చొప్పున నాలుగేళ్లలో 26,000 దాకా ఇస్తారు. కొరత ఉన్న సేవారంగంలో, ఆ రాష్ట్రంలోనే నివాసం ఉండి పనిచేయాలి. కాలిఫోర్నియాలో మానసిక ఆరోగ్య సేవల వాళ్లకు రెండేళ్ల ఒప్పందానికి 30,000 దాకా ఇచ్చే పథకం ఉంది. పూర్తి లైసెన్స్ రాని అసోసియేట్ సోషల్ వర్కర్లూ పెట్టుకోవచ్చు. అది కొత్తవాళ్లకు నిజంగా ఊరట.

పాత పర్కిన్స్ లోన్ ఇంకా మిగిలి ఉన్నవాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు. పేద ప్రాంతాల్లో ప్రమాదంలో ఉన్న పిల్లలకు సేవ చేసేవాళ్లకు ఆ లోన్‌ను ఐదేళ్లలో పూర్తిగా రద్దు చేసే వీలుంది. దాన్ని కన్సాలిడేట్ చేస్తే ఆ హక్కు పోతుంది, తొందరపడకండి.

మీ యజమాని, ప్రైవేట్ అయినా సరే, ఏడాదికి 5,250 డాలర్ల దాకా మీ లోన్ మీద కడితే మీకు ఫెడరల్ ఆదాయపు పన్ను పడదు. 2025 చట్టం దీన్ని శాశ్వతం చేసింది. అడిగితే పోయేదేముంది.

గ్రీన్ కార్డ్ లేనివాళ్ల సంగతి

ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద వచ్చి ఇక్కడ ఎంఎస్‌డబ్ల్యూ చేస్తున్న తెలుగు పిల్లలు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే, జవాబు చేదుగా ఉంటుంది. పీఎస్‌ఎల్‌ఎఫ్ ఫెడరల్ లోన్లకు మాత్రమే, ఫెడరల్ లోన్లు పౌరులకు, గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకు, మరికొన్ని ప్రత్యేక హోదాలవాళ్లకు మాత్రమే. ఎఫ్-1 మీద, హెచ్-4 (హెచ్-1బీ ఉన్నవాళ్ల కుటుంబ వీసా) మీద ఉన్నవాళ్లకు రావు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో బ్యాంకు నుంచి తెచ్చిన అప్పును ఇక్కడి ఏ పథకమూ తీర్చదు. ఎన్‌హెచ్‌ఎస్‌సీ ప్రైవేట్ లోన్లు ఒప్పుకుంటుంది కానీ, అమెరికా చట్టాల పర్యవేక్షణలో ఉన్న సంస్థ ఇచ్చినవై ఉండాలి. అంటే ఇక్కడి బ్యాంకు నుంచి హామీదారుతో లోన్ తీసుకున్న హెచ్-4 అమ్మాయి, ఏళ్ల తర్వాత పౌరసత్వం, ఎల్‌సీఎస్‌డబ్ల్యూ రెండూ వచ్చాక ఆ మిగిలిన లోన్ కోసం ఎన్‌హెచ్‌ఎస్‌సీ అడగవచ్చు. ఇండియా బ్యాంకు లోన్ ఉన్నవాళ్లకు మిగిలేది ఇండియా ఆదాయపు పన్నులో 80ఈ అని పిలిచే మినహాయింపు ఒక్కటే: ఆ లోన్ ఎవరి పేరు మీద ఉండి, ఎవరు కడుతున్నారో వాళ్లకు, వడ్డీ మీద మాత్రమే, ఎనిమిదేళ్ల పాటు, అదీ పాత పన్ను విధానంలో ఉంటేనే. నాన్న పేరు మీద లోన్ ఉండి ఆయనే కడుతూ ఇండియాలో పన్ను కడుతుంటే ఆయనకు ఉపయోగం. ఇక్కడ మాఫీ ఉంటుందనుకుని ఖరీదైన కోర్సులో చేరేముందు ఈ పేరా రెండుసార్లు చదవండి.

మా పిల్ల చివరికి ఏం చేసింది

ఆదివారం మధ్యాహ్నం వంటింటి బల్ల మీద కాగితాలు పరిచి కూర్చున్నాం. పల్లెటూరి క్లినిక్‌లో ఎన్‌హెచ్‌ఎస్‌సీ ఈ ఏడాది ఆమెకు అసలు కుదరదు. పౌరసత్వం రాలేదు, ఎల్‌సీఎస్‌డబ్ల్యూకి ఇంకో రెండేళ్లకు పైగా ఉంది. అంటే జీతం 4,000 తక్కువ తీసుకుని, ఊరు మారి, లేని పథకం కోసం ఎదురుచూడాలి. కౌంటీలో చేరితే మొదటి నెల నుంచే పీఎస్‌ఎల్‌ఎఫ్ లెక్క మొదలు. రాప్‌లో కడుతూ జీతం పెరుగుదల కూడా కలిపితే పదేళ్లకు ఆమె కట్టేది 40,000కు అటూ ఇటూ. మామూలుగా తీరిస్తే 92,000. చివర్లో మాఫీ అయ్యేది సుమారు 60,000.

ఆ 16,000 ప్రైవేట్ లోన్ ఏం చేయాలి? నాకు నచ్చిన ఎత్తు ఇదే. కౌంటీలోనే ఎల్‌సీఎస్‌డబ్ల్యూకి కావాల్సిన గంటలు పర్యవేక్షణలో పూర్తి చేసుకోవాలి. నేను చెప్పకముందే ఆమె అడిగి ఒప్పించుకుంది, తెలివైనదే. మూడో ఏడు నాటికి పౌరసత్వం, లైసెన్స్ రెండూ చేతికొస్తాయి. అప్పుడు 501సి3 గుర్తింపు ఉన్న, ఎన్‌హెచ్‌ఎస్‌సీ ఆమోదించిన క్లినిక్ చూసుకుని మారితే పీఎస్‌ఎల్‌ఎఫ్ లెక్క తెగదు, అది కూడా అర్హత ఉన్న యజమానే. ఎన్‌హెచ్‌ఎస్‌సీ డబ్బు వస్తే ముందు ప్రైవేట్ లోన్ మీద కొట్టాలి. ఎందుకంటే దాన్ని పీఎస్‌ఎల్‌ఎఫ్ ఎప్పటికీ ముట్టుకోదు, ఫెడరల్ లోన్‌ను ఎలాగూ ముట్టుకుంటుంది. రాకపోయినా పోయేదేమీ లేదు, ప్రైవేట్ లోన్‌ను నెలనెలా తీర్చుకుంటూ పోతుంది.

"మరి ఆ క్లినిక్ వాళ్లకి ఏం చెప్పను పిన్నీ?" అంది. మూడేళ్ల తర్వాత ఫోన్ చేస్తానని చెప్పమన్నాను. నవ్వి, ముందు కౌంటీ హెచ్ఆర్ నంబర్ కలిపింది. అడిగిన మొదటి మాట జీతం గురించి కాదు, "మీ ఈఐఎన్ చెబుతారా?" అని.